ఇంటి గోడల చరిత్ర – 9: తీగజాలీ మీద నిలిచిన ఇళ్లు

ఉక్కు ఊచలను కాంక్రీటులో పొదిగి శ్లాబు పోసే పద్ధతి పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో ఐరోపా అంతటా ఎలా స్థిరపడిందో కిందటి భాగంలో చూశాం. ఆ పద్ధతికి అన్న వంటిదైన మరొక పద్ధతి అంతకు ముందే పుట్టి, దాదాపు తొంభై ఏళ్లు ఎవరి దృష్టికీ ఆనకుండా ఉండి, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మళ్లీ వెలుగులోకి వచ్చింది. దానినే ఫెర్రోసిమెంటు అంటారు. సన్నని ఉక్కు తీగలతో అల్లిన జాలీని కొన్ని పొరలుగా పేర్చి, వాటిని కట్టుతీగతో దగ్గరగా బిగించి, ఆ సందులన్నీ నిండేలా సిమెంటు, ఇసుక కలిపిన మాలును ఒత్తి నింపితే ఏర్పడే పలుచని పలక ఇది. సాధారణంగా దీని మందం ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది. ఇందులో కంకర ఉండదు, పోత కోసం చెక్కలతో సెంట్రింగు కట్టవలసిన అవసరమూ చాలాచోట్ల ఉండదు. తాటిమట్టలతోనో వెదురుబద్దలతోనో తడిక అల్లి, రెండు వైపుల నుంచీ మట్టి మెత్తి గోడ లేపడం ఎరిగిన తెలుగు పల్లెలకు ఈ పద్ధతిలోని ప్రధాన సూత్రం కొత్తది కాదు. తడిక స్థానంలోకి ఉక్కు, మట్టి స్థానంలోకి సిమెంటు వచ్చాయి, మెత్తే చేయి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ చేయి ఉండిపోవడమే ఫెర్రోసిమెంటు చరిత్రకు కీలకం. సామగ్రిని ఇంత పొదుపుగా వాడే పద్ధతి ఆధునిక నిర్మాణంలో అరుదు, మనిషి శ్రమను ఇంత ధారాళంగా కోరే పద్ధతీ అరుదే. అందువల్ల సామగ్రికి కటకటగా ఉండి, శ్రమ చవకగానో సొంతంగానో దొరికిన ప్రతి చోటా ఇది వేళ్లూనింది. కూలి రేట్లు పెరిగి ఉక్కు, సిమెంటు సులభంగా దొరకసాగిన ప్రతి చోటా వెనక్కి తగ్గింది. దాని ప్రయాణంలోని ఎత్తుపల్లాలకు ఇంజనీర్ల ప్రతిభ కన్నా, తీర్పరితనం కన్నా, ఈ లెక్కే ఎక్కువ కారణమని చెప్పవలసి ఉంటుంది.

దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతంలో, బ్రిన్యోల్ పట్టణానికి చేరువనున్న మీరవాల్ ఎస్టేటులో వ్యవసాయం చేసే జోసెఫ్ లూయీ లాంబో అనే భూస్వామి, చెమ్మకు కుళ్లిపోయే చెక్కకు బదులు మరేదైనా వాడవచ్చునా అని వెతుకుతూ, ఇనుప తీగల అల్లికకు సిమెంటు పట్టించి నీటితొట్లు, మొక్కల పెట్టెలు తయారుచేశాడు. 1848లో అదే పద్ధతిలో ఒక చిన్న పడవను కట్టి తన ఎస్టేటులోని నీటిలో తేల్చాడు. 1855లో ఈ పదార్థానికి ‘ఫెర్‌సిమాన్’ అన్న పేరుతో పేటెంటు తీసుకుని, అదే సంవత్సరం పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పడవను నిలబెట్టాడు. లాంబో ఓడల గురించి కలగన్నాడు గాని ఆ కాలపు నౌకానిర్మాతలు దానిని పట్టించుకోలేదు. అతని పడవలలో మిగిలినవి ఈనాటికీ ఫ్రాన్స్‌లో భద్రంగా ఉన్నాయి, అంటే నూట డెబ్బై ఏళ్లు దాటినా ఆ పలుచని గోడ నిలిచే ఉంది.

లాంబో పద్ధతి ఎందుకు సాగలేదన్న ప్రశ్నకు సమాధానం ఆ నాటి తీగలోనే ఉంది. కోళ్ల గూళ్లకు వాడే షట్కోణపు జాలీని అల్లే యంత్రాన్ని ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో చార్లెస్ బార్నార్డ్ 1844లోనే రూపొందించినా, అటువంటి జాలీ చవకగా, విస్తారంగా, ప్రతి బజారులోనూ దొరికే సరుకు కావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. వేలకొద్దీ తీగలను ఒక్కొక్కటిగా అల్లి కూర్చోవడం కన్నా, లావుపాటి ఊచలను కొద్ది సంఖ్యలో వేసి, కంకరతో కలిపిన కాంక్రీటును పెట్టెలో పోయడం వ్యాపారికి లాభసాటిగా కనిపించింది. పారిస్ తోటమాలి జోసెఫ్ మోనియే 1867లో పూలకుండీలకు పేటెంటు తీసుకున్నప్పటి నుంచి ఆ రెండవ దారే రాజమార్గమైంది. ఇక్కడ ఓడిపోయింది లాంబో ఆలోచన కాదు, అది కోరిన పనిగంటలు.

రెండు పద్ధతుల మధ్య ఉన్న అసలైన తేడాను కొంచెం నిదానించి చూడాలి, ఎందుకంటే ఫెర్రోసిమెంటు ఇంత పలుచగా ఉండి కూడా బరువును, నీటిని ఎలా ఆపగలదన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. సిమెంటు మాలు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేక పగులుతుంది. ఆ లాగుడును భరించడానికే ఉక్కును లోపల పెడతారు. పన్నెండు మిల్లీమీటర్ల ఊచ ఒకటి తీసుకుంటే, దాని అడ్డుకోతలో ఎంత ఉక్కు ఉందో అంతే ఉక్కుతో ఒక మిల్లీమీటరు మందపు తీగలు 144 వస్తాయి. ఉక్కు పరిమాణం మారలేదు, కాని సిమెంటును తాకే ఉపరితలం పన్నెండు రెట్లు పెరిగింది. ఇలా పెరిగిన పట్టు వల్ల, ఊచల మధ్య ఖాళీలో ఒకటి రెండు పెద్ద చీలికలుగా బయటపడవలసిన పగులు, కంటికి ఆనని అనేకమైన సన్నని గీతలుగా చెదిరిపోతుంది. నీరు దూరలేనంత సన్నగా పగుళ్లు ఉండిపోవడమే ఈ పదార్థంతో పడవలూ తొట్లూ కట్టగలగడానికి కారణం. దెబ్బ తగిలినప్పుడు కూడా ఇది పెళ్లున విరిగి కూలిపోకుండా, తగిలినచోట నలిగి, జాలీ పట్టి ఉంచడం వల్ల అక్కడే ఆగిపోతుంది.

అయితే సమతలంగా ఉన్న పలుచని పలక ఎంత గట్టిదైనా వంగిపోతుంది. దానిని మడిచినా, వంచినా, అలలా తీర్చినా అప్పుడు దానికి బిగువు వస్తుంది. ఈ సూత్రాన్ని ఒక భవనకళగా మార్చినవాడు ఇటలీ ఇంజనీరు పియర్ లుయీజీ నెర్వీ. 1891లో సోంద్రియో పట్టణంలో పుట్టిన నెర్వీ స్వయంగా కాంట్రాక్టరు కూడా కావడం వల్ల, ఒక వంపు అందంగా ఉందా అని చూసే కంటితోనే అది ఎంత ఖర్చుకు వస్తుందో కూడా చూసేవాడు. ముస్సోలినీ ప్రభుత్వం దిగుమతులను తగ్గించి స్వయంపోషణ పేరుతో ఉక్కు వాడకాన్ని బిగించిన కాలంలో, ఉక్కు, కలప రెండూ కరువైన పరిస్థితిలో, నెర్వీ తీగజాలీ పొరలతో పలకలు తయారుచేసి పరీక్షించడం మొదలుపెట్టాడు. సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల తీగలను సెంటీమీటరు దూరంలో అల్లిన జాలీలు పొరలు పొరలుగా వేస్తే, మాలు సాధారణ కాంక్రీటు కన్నా ఎంతో ఎక్కువగా సాగి కూడా పగలదని గమనించి, 1943లో పేటెంటు పొందాడు.

యుద్ధం ముగుస్తున్న 1945లో నెర్వీ సంస్థ ‘ఇరేనె’ అనే 165 టన్నుల మోటారు ఓడను కట్టింది. దాని పొట్టు మందం 36 మిల్లీమీటర్లు మాత్రమే. అదే కాలంలో రోమ్ నగరంలో తన సంస్థ కోసం కట్టుకున్న చిన్న గిడ్డంగికి గోడలూ పైకప్పూ మూడు సెంటీమీటర్ల మందంలో, అలలు తీర్చినట్లు, జాలీ మీద మాలు మెత్తి లేపాడు. భవన నిర్మాణ చరిత్రలో ఈ గిడ్డంగి చాలా ముఖ్యమైనది, ఎందుకంటే ఇల్లనదగిన ఆవరణను సెంట్రింగు లేకుండా, ఇటుక లేకుండా, తాపీ పట్టిన మనుషులు కొద్దిమంది కలిసి కేవలం జాలీతో, మాలుతో నిలబెట్టవచ్చునని ఆధునిక ఇంజనీరింగు దాని ద్వారానే మొదట ఒప్పుకుంది. ఆ తరవాత 1940ల చివర నెర్వీ తూరినో నగరంలో కట్టిన ప్రదర్శనశాల పైకప్పు సుమారు 95 మీటర్ల వెడల్పును మధ్యలో స్తంభం లేకుండా దాటింది. నేల మీద తయారుచేసిన ఫెర్రోసిమెంటు అలల ముక్కలను పైకెత్తి జోడించడం ద్వారా దానిని సాధించాడు. 1957లో పూర్తయిన రోమ్ చిన్న క్రీడామందిరం గోపురంలోనూ ఇటువంటి ముక్కలే 1620 ఉన్నాయి, వాటి బరువంతా వై ఆకారపు 36 స్తంభాల మీదికి దిగుతుంది.

ఈ మహాభవనాలన్నీ యుద్ధానంతర ఇటలీలో సాధ్యమైనవి. అక్కడ నైపుణ్యం గల పనివాళ్లు ఎందరో ఉన్నారు, వారి కూలి తక్కువ, ఉక్కు ధర ఎక్కువ. 1960ల తరవాత ఇటలీ సంపన్నమై కూలి పెరిగేసరికి ఫెర్రోసిమెంటు పెద్ద కట్టడాల నుంచి తొలగిపోయింది. అది అక్కడితో ఆగలేదు. కూలికి బదులు సొంత శ్రమ పెట్టగలిగిన మనుషుల వద్దకు చేరింది.

మొదట అందుకున్నవారు సముద్రప్రియులు. న్యూజిలాండు, ఆస్ట్రేలియా, కెనడా, ఇంగ్లండు తీరాలలో 1960లలోనూ 1970లలోనూ మధ్యతరగతి కుటుంబాలు తమ పెరట్లో ఊచలు వంచి, జాలీలు కట్టి, స్నేహితులను పిలిచి ఒకే రోజున మాలు పట్టించి పడవలు కట్టుకున్నాయి. పడవ పొట్టులో పాత మాలుకూ కొత్త మాలుకూ నడుమ అతుకు ఉంటే అక్కడే నీరు దూరుతుంది గనుక, మొత్తం పూత ఒక్క పొద్దులో ముగించవలసి వచ్చేది. ఆ రోజుకు పదుల మంది పోగయ్యేవారు. ఇలా కట్టిన వాటిలో బలహీనమైనవీ చాలా ఉన్నాయి. కాని ఈ పదార్థపు సామర్థ్యానికి నిదర్శనంగా ‘హెల్సాల్’ అనే ఫెర్రోసిమెంటు పడవ 1973లో సిడ్నీ నుంచి హోబార్టు వరకు సాగే ప్రసిద్ధ పందెంలో అన్నిటికన్నా ముందు గమ్యం చేరింది.

పడవలు కట్టినవారి చేతులలో స్థిరపడిన ఈ పనితనమే నేల మీదికి వచ్చి ఇళ్లుగా మారింది. ఫ్రాన్స్‌లో ఈ ధోరణి కొంచెం వేరైన దారిలో పెరిగింది. స్విట్జర్లాండుకు చెందిన వాస్తుశిల్పి పాస్కల్ హౌసెర్మాన్ 1959 ప్రాంతంలో గ్రీయీ అనే గ్రామంలో, ఊచలతో గుడ్డు ఆకారపు చట్రం అల్లి, దాని మీద సెంట్రింగు లేకుండా కాంక్రీటును చిమ్మి ఒక ఇల్లు కట్టాడు. తరవాత అతనూ, క్లోద్ హౌసెర్మాన్ కోస్తీ, ఆంతీ లోవాగ్ ఈ మార్గంలో అనేక గుండ్రని ఇళ్లను రూపొందించారు. ఫ్రెంచివారు దీనిని కాంక్రీటు తెర పద్ధతి అంటారు. అందులో జాలీ వత్తుగా ఉండదు గనుక ఖచ్చితంగా ఫెర్రోసిమెంటు కాకపోయినా దానికి చాలా దగ్గరి బంధువు. వీటిలో అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసినది ఆర్దేష్ ప్రాంతంలోని లాబోమ్ గ్రామంలో ఉన్న ఊనాల్ ఇల్లు. క్లోద్ హౌసెర్మాన్ కోస్తీ రూపకల్పన చేసిన ఈ ఇంటిని జోయెల్ ఊనాల్ 1970లలో మొదలుపెట్టి, మూడు దశాబ్దాలకు పైగా తన చేతులతోనే కట్టుకుంటూ వచ్చాడు. ఆ అనుభవంతో ఇతరులు కూడా కట్టుకునేలా ఒక పుస్తకం రాశాడు. తరవాతి కాలంలో ఫ్రెంచి ప్రభుత్వం ఆ ఇంటిని చారిత్రక కట్టడంగా గుర్తించింది. రాజులు, కంపెనీలు కట్టినవి కాక, ఒక గృహస్థుడు స్వయంగా మెత్తుకున్న గోడలకు ఆ గౌరవం దక్కడం ఎంతో సముచితం.

చేతితో ఫెర్రోసిమెంటు ఇల్లు కట్టే క్రమాన్ని ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. పునాది తీసి, దాని అంచులోంచి నిలువు ఊచలు పైకి లేవనిచ్చి, ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల ఊచలతో ఇంటి రూపాన్నంతటినీ గాలిలో గీసినట్లు చట్రం అల్లుతారు. గోడ ఎక్కడ ముగిసి పైకప్పు ఎక్కడ మొదలవుతుందో చాలా ఇళ్లలో తెలియదు, ఎందుకంటే వంపు ఒక్కటిగా సాగిపోతుంది. ఆ చట్రానికి లోపలా బయటా జాలీ పొరలు వేసి, కట్టుతీగను మెలిపెట్టి కొక్కెంతో బిగిస్తూ పోతారు. ఒక చిన్న గదికి కూడా ఇలాంటి ముడులు వేల సంఖ్యలో పడతాయి. మొత్తం పనిలో అధిక భాగం కాలం ఇక్కడే గడుస్తుంది. ముడి వదులైతే జాలీ బయటికి ఉబ్బుతుంది, ఉబ్బినచోట మాలు మందం పెరిగి ఇల్లు అనవసరంగా బరువెక్కుతుంది, లోపలికి కుంగినచోట తీగకు రక్షణ తగ్గి తుప్పుకు దారి ఏర్పడుతుంది. అందువల్ల అనుభవజ్ఞులు మాలు కలపకముందే చట్రం మీద చేయి ఆనించి నడిపి, ఒక్కొక్క ఉబ్బునూ సరిచేస్తారు.

మాలులో సిమెంటు ఒక పాలు, ఇసుక సుమారు రెండు పాళ్లు ఉంటాయి. ఇది మామూలు గిలాబు కన్నా ఎంతో బలమైన పాళ్లు. ఇసుకను సన్నని జల్లెడ పట్టాలి, లేకపోతే గులక జాలీ కన్నులకు అడ్డుపడి దాని వెనుక బోలు మిగులుతుంది. నీళ్లు ఎంత తక్కువైతే అంత మంచిది, సిమెంటు బరువులో సగానికి మించరాదు. పని సులువవుతుందని మరికొంచెం నీరు పోయడమే ఈ పనిలో అన్నిటికన్నా మామూలుగా జరిగే చేటు. మాలును ఒకరు లోపలి నుంచి ఒత్తుతుంటే, మరొకరు బయట తాపీ ఆనించి అది జాలీ గుండా పూర్తిగా వస్తున్నదో లేదో చూడాలి. ఉక్కు మీద నాలుగైదు మిల్లీమీటర్ల పూత మాత్రమే ఉంటుంది గనుక, మామూలు కాంక్రీటులో దాగిపోయే లోపం ఇక్కడ దాగదు. పూత ముగిశాక రెండు వారాల పాటు గోనెపట్టాలు కప్పి, ఎండకు ఆరిపోకుండా ఎల్లవేళలా తడిగా ఉంచడం తప్పనిసరి. పలుచని పలక త్వరగా ఆరిపోతుంది, ఆరిన సిమెంటు గట్టిపడడం మానేస్తుంది.

ఇంత శ్రమకు ఫలితంగా దొరికే పొదుపు కూడా చిన్నది కాదు. ఇరవై మూడు సెంటీమీటర్ల ఇటుక గోడ ఒక చదరపు మీటరు సుమారు 440 కిలోలు తూగితే, రెండున్నర సెంటీమీటర్ల ఫెర్రోసిమెంటు గోడ అదే చదరపు మీటరుకు 60 కిలోల వద్ద ఆగుతుంది. తేలికైన ఇల్లు పునాది మీద తక్కువ భారం మోపుతుంది, భూమి కంపించినప్పుడు తక్కువ శక్తితో ఊగుతుంది. అయితే పలుచదనానికి మరో ముఖం ఉంది. ఒంటి పొర గోడ ఎండను ఆపదు. ఉష్ణదేశంలో అటువంటి ఇల్లు మధ్యాహ్నం కొలిమి అవుతుంది గనుక రెండు పలకల మధ్య గాలి విడిచి కట్టడమో, పైన మట్టి కప్పడమో, తెల్లసున్నం పూయడమో అవసరం. ఉప్పుగాలి తగిలే తీరంలో పూత లోపించిన ప్రతి మూలా తుప్పుకు నెలవవుతుంది.

1973లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ వెలువరించిన నివేదిక వర్ధమాన దేశాల దృష్టిని ఈ పదార్థం వైపు మళ్లించింది. చేపల పడవలకు, ధాన్యం గాదెలకు, చవక పైకప్పులకు ఇది తగినదని అందులో సూచించారు. 1976లో బ్యాంకాక్‌కు చేరువలోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అంతర్జాతీయ ఫెర్రోసిమెంటు సమాచార కేంద్రం వెలిసి, ఈ రంగానికే అంకితమైన పత్రికను నడిపింది. భారతదేశంలో రూర్కీలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రిసెర్చ్ సెంటర్ ఫెర్రోసిమెంటు గాదెలు, నీటితొట్లు, గోబర్ గ్యాస్ డ్రమ్ములు రూపొందించింది. ముందుగా తయారుచేసిన నీటితొట్లకు 1992లో భారతీయ ప్రమాణం ఐఎస్ 13356 వచ్చింది. పుదుచ్చేరికి చేరువనున్న ఆరోవిల్‌లోని ఒక కేంద్రం ఇళ్లకు పనికివచ్చే అర్ధవృత్తపు ఫెర్రోసిమెంటు దోనెలను తయారుచేయడం నేర్పింది. రెండున్నర సెంటీమీటర్ల మందంతో, ఆరు మీటర్ల వరకు పొడవుండే వీటిని పక్కపక్కన పేర్చి, పైన కొంచెం కాంక్రీటు పోస్తే పైకప్పు సిద్ధమవుతుంది. కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హడ్కో సహాయంతో వెలసిన నిర్మాణ కేంద్రాలు ఇటువంటి పద్ధతులను ఇతర రాష్ట్రాలకు కూడా పరిచయం చేశాయి. కేరళలో వాననీటి తొట్లు పెద్ద సంఖ్యలో ఇలాగే కట్టారు.

తెలుగు నేల మీద చూస్తే, ఊచలు వంచి, జాలీ చుట్టి, మాలు మెత్తి దేవతల భారీ విగ్రహాలు లేపే శిల్పుల చేతులలో దాదాపు ఇదే విద్య ఉంది. ఆ విద్య ఇళ్ల వైపు మాత్రం తిరగలేదు. ఇందుకు జనాన్ని తప్పుపట్టలేము. రేపు పైన మరో అంతస్తు వేసుకోగల శ్లాబు, మేకు కొట్టుకోగల గోడ, ఊరిలోని ఏ మేస్త్రి అయినా మరమ్మతు చేయగల ఇల్లు, ఇవి పేద కుటుంబానికి నిజమైన అవసరాలు. వంపు తిరిగిన పలుచని గోడ వాటిని తీర్చలేదు. పైగా ఫెర్రోసిమెంటు నాణ్యత తాపీ పట్టిన ప్రతి మనిషి శ్రద్ధ మీద ఆధారపడుతుంది, కాంట్రాక్టు పనిలో అటువంటి శ్రద్ధకు కొలత పుస్తకంలో గడి ఉండదు. తన ఇంటిని తానే కట్టుకునే మనిషి మాత్రమే వేల ముడులలో ఒక్కటీ వదులు కాకుండా చూస్తాడు.

ఇంటికి ఈ పదార్థం మరో రూపంలో కూడా చేరింది. ఇటుకతోనో రాతితోనో కట్టిన పాత ఇళ్లు భూకంపానికి మూలల వద్ద విడిపోకుండా, కిటికీల పై మట్టంలో గోడ చుట్టూ తీగజాలీ పట్టీని మేకులతో బిగించి, దాని మీద మాలు పూసే పద్ధతిని గోడల పటిష్ఠతపై భారతీయ ప్రమాణం ఐఎస్ 13935 వివరించింది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం సంభవించిన తరవాత గుజరాత్‌లో నిలిచి ఉన్న ఇళ్లను కాపాడుకోవడానికి ఇటువంటి పట్టీలనే వేశారు. ఒక తాపీ మేస్త్రి, ఒక సహాయకుడు ఈ పనిని ఇంట్లో మనుషులు నివసిస్తుండగానే ముగించగలరు. లాంబో చెక్కకు ప్రత్యామ్నాయంగా ఊహించిన తీగజాలీ అలా ఇటుక గోడకు నడికట్టుగా మారింది. భూకంపాల మధ్య పుట్టి పెరిగిన జపాన్ చెక్క ఇళ్ల చట్రాలలోని కీళ్ల గురించి వచ్చే భాగంలో చూద్దాం.